పిల్లల్ని దింపేసి వెళ్ళిపోకండి: ఇంటిల్లిపాదీ తైక్వాండో నేర్చుకోవడం ఎలా

శనివారం పొద్దున పిల్లల్ని, కాళ్ళతో తన్నే కొరియా యుద్ధవిద్య తైక్వాండో నేర్పే స్కూలు ముందు దింపేయడం, పక్క షాపులో పాలూ కూరగాయలూ కొనుక్కోవడం, గంటయ్యాక వచ్చి ఎక్కించుకుపోవడం. డాలస్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్ళలో చాలామంది పద్ధతి ఇదే. నేనూ రెండేళ్ళు అలాగే చేశాను. ఒకరోజు కారెక్కుతూ మా అమ్మాయి, "నాన్నా, ఫ్యామిలీ క్లాస్ ఉందిగా, నువ్వూ రావచ్చుగా" అంది. అలా నలభై ఒకటో ఏట, కొత్తగా చేరినవాళ్ళు కట్టే తెల్ల బెల్ట్ కట్టుకున్నాను. ఆర్నెల్లకి మా ఆవిడ, ఆ తర్వాత మా బుడ్డోడు చేరారు. ఈ దారిలో నేను తిన్న దెబ్బలూ, వృథాగా కట్టిన డాలర్లూ మీకు తప్పాలని ఇది రాస్తున్నాను.

ముందు మీరొక్కరే వెళ్ళి చూడండి

మొదటిసారే పిల్లల్ని వెంటబెట్టుకెళ్తే అయిపోయినట్టే. ఒక తెల్ల డ్రెస్సు ఫ్రీగా ఇస్తారు, పలచటి చెక్క ఒకటి విరగ్గొట్టిస్తారు, అందరూ చప్పట్లు కొడతారు. ఇక సంతకం పెట్టకుండా బయటపడటం కష్టం. అందుకని ఒకరోజు ఒంటరిగా వెళ్ళండి. క్లాస్‌కి పది నిమిషాల ముందు చేరుకుని, అయిపోయాక ఇంకో పది నిమిషాలు ఉండండి. కూర్చుని చూడటానికి ఒప్పుకోకపోతే అక్కణ్ణుంచే వెనక్కి వచ్చేయండి.

చూసేటప్పుడు బాగా చేసేవాళ్ళని పట్టించుకోకండి. గాల్లో గిర్రున తిరిగి తన్నేవాళ్ళు ప్రతి స్కూల్లో ఒకరిద్దరుంటారు, వాళ్ళు ఎక్కడున్నా అలాగే తంతారు. వెనక వరసలో కుడీ ఎడమా తెలియక తికమకపడే పిల్లాడు ఒకడుంటాడు, వాణ్ణి చూడండి. వాడి దగ్గరికి ఎవరు వెళ్తున్నారు? పేరు పెట్టి పిలుస్తున్నారా? విసుక్కుంటున్నారా? ఇంకో పని కూడా చేయండి. ఎవరో ఒక పిల్లని ఎంచుకుని పది నిమిషాల్లో ఎన్ని కిక్కులు కొట్టిందో లెక్కపెట్టండి. నేను చూసిన ఒకచోట ఆరు. మిగతా టైమంతా ఆ పిల్ల లైన్లో నిలబడి గోళ్ళు కొరుక్కుంది. మేమిప్పుడు వెళ్తున్నచోట అదే పది నిమిషాల్లో అరవై దాటాయి. ఫీజులో మాత్రం పెద్ద తేడా లేదు.

"ఫ్యామిలీ" అని బోర్డు ఉన్నంత మాత్రాన నమ్మకండి. పిల్లలకి ఒక టైము, పెద్దలకి ఇంకో టైము పెట్టి, రెండో మనిషికి ఫీజు తగ్గించి దాన్నే ఫ్యామిలీ ప్లాన్ అనేవాళ్ళున్నారు. తల్లీ కొడుకూ ఒకే మ్యాట్ మీద, ఒకే గంటలో ఉన్నారో లేదో కళ్ళారా చూడండి. లోపల జరిగేది బెంచీ మీదనుంచి కనబడాలి. నేర్పేవాళ్ళకి బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేయించారా, ఆటల్లో పిల్లలు వేధింపులకి గురికాకుండా చూసే సేఫ్‌స్పోర్ట్ శిక్షణ తీసుకున్నారా అని మొహమాటం లేకుండా అడగండి. అడిగినందుకు చిన్నబుచ్చుకునే చోట పిల్లల్ని వదలాల్సిన పని లేదు.

ఏ తైక్వాండో అని అడగండి

ఈ విద్యకి తైక్వాండో అని పేరు పెట్టింది 1955లో. తర్వాత దారులు చీలాయి. కొరియా సైన్యంలో జనరల్‌గా చేసిన చోయ్ హాంగ్ హీ 1966లో ఐటీఎఫ్ (ఇంటర్నేషనల్ తైక్వాండో ఫెడరేషన్) పెట్టారు. మరోవైపు 1972లో సియోల్‌లో, బ్లాక్ బెల్ట్ సర్టిఫికెట్లిచ్చే కేంద్రం కుక్కివాన్, 1973లో ఇప్పుడు వరల్డ్ తైక్వాండో అంటున్న సంస్థ వచ్చాయి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో పతకాల ఆటగా చేరింది ఈ రెండో దారిది. ఒకటి గొప్ప, ఒకటి తక్కువ అని నేననను. కానీ మన సంగతి వేరు. ఉద్యోగం మారితే ఊరు మారాలి, ఏదో ఒకరోజు సామాను సర్దుకుని హైదరాబాదో విజయవాడో వెళ్ళిపోవచ్చు కూడా. ఈ స్కూలు ఇచ్చిన బ్లాక్ బెల్ట్‌ని అవతలి ఊళ్ళో ఎవరైనా గుర్తిస్తారా అన్నది అందుకే ముఖ్యం. కుక్కివాన్ సర్టిఫికెట్ అయితే దాని మీద నంబరుంటుంది, వాళ్ళ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. మాస్టర్ గారి సర్టిఫికెట్ గోడకి వేలాడుతుంటే ఆ నంబరు రాసుకొచ్చి చూడండి. నేను చూశాను. తప్పేం లేదు.

సంతకం పెట్టేముందు

మా మొదటి స్కూలు కథ చెబుతాను. పేరెందుకు గానీ, మాటలు తేనెలా ఉండేవి. "బ్లాక్ బెల్ట్ దాకా" అని మూడేళ్ళ కాంట్రాక్ట్ చేతిలో పెడితే, పిల్ల ముందు కాదనలేక సంతకం పెట్టాను. ఏడాది తిరక్కుండానే ఇల్లు మారాం. కొత్త ఇంటినుంచి అక్కడికి వెళ్ళాలంటే నలభై ఐదు నిమిషాలు. ఆపేస్తామంటే కాగితం చూపించారు. అడుగు పెట్టని స్కూలుకి ఎనిమిది నెలలు డబ్బు కట్టాను. తప్పు నాదే, చదవలేదు.

కాబట్టి కాగితం ఇంటికి తెచ్చుకుని రాత్రి చదవండి. నెలనెలా కట్టే పద్ధతి ఉందా, ఆపాలంటే ఎన్నాళ్ళ ముందు చెప్పాలి, ఊరు మారితే ఏమిటి, బెల్ట్ టెస్ట్ ఫీజు విడిగా ఎంత, ఏడాదికి ఎన్ని టెస్టులు, స్పారింగ్ (ఇద్దరు ఎదురెదురుగా తలపడే సాధన) సామాను తప్పనిసరిగా వాళ్ళ దగ్గరే కొనాలా: ఇవన్నీ నోటి మాటగా సరిపోవు, రాతలో ఉండాలి. నలుగురు చేరితే టెస్ట్ ఫీజులే నడ్డి విరుస్తాయి. ఏడాదికి నాలుగు టెస్టులంటే మా ఇంట్లో పదహారు ఫీజులు. వారానికి రెండు క్లాసులతో బ్లాక్ బెల్ట్‌కి మూడు నాలుగేళ్ళు పట్టడం మామూలు. ఫలానా తేదీకల్లా గ్యారంటీ అన్నవాళ్ళు అమ్ముతున్నది బట్ట మాత్రమే.

డ్రెస్సు, బెల్ట్, నగలు

డ్రెస్సుని దొబొక్ అంటారు. ఒక సైజు పెద్దది తీసుకోండి, నూలుదైతే మొదటి ఉతుకుడికే కుదించుకుపోతుంది. బెల్ట్ కట్టడమే మొదటి వారం అసలు పరీక్ష. బెల్ట్ మధ్యభాగం బొడ్డు మీద పెట్టి, రెండు కొసల్నీ వెనక్కి తీసుకెళ్ళి, అక్కడ చేతులు మార్చి మళ్ళీ ముందుకు తెండి. పైన పడ్డ కొసని లోపలున్న పొరలన్నిటి కిందనుంచి దూర్చి పైకి లాగండి. ఇప్పుడు ఒక కొస పైకి, ఇంకోటి కిందికి ఉంటాయి. పైదాన్ని కిందికి వంచి, కిందిదాన్ని దాని మీదుగా తెచ్చి, కంతలోంచి లాగి బిగించండి. ముడి అడ్డంగా పడుకోవాలి, కొసలు రెండూ సమంగా వేలాడాలి. ముడి నిలువుగా లేచి నిలబడిందంటే మెలిక తప్పు వేశారన్నమాట. నాకిది రావడానికి నాలుగు క్లాసులు పట్టింది. ఇండియానుంచి వచ్చిన మా నాన్న మనవడికి ఒక్కసారి చూసి కట్టేశారు. రోజూ పంచె కట్టే చెయ్యి కదా. క్లాస్ మధ్యలో బెల్ట్ ఊడితే జెండాలకీ మాస్టర్‌కీ ఎదురుగా సర్దుకోకండి, వెనక్కి తిరిగి కట్టుకోవాలి.

ఆడవాళ్ళకి ఒక మాట, మా ఆవిడ రాయమన్నది. గాజులు, నల్లపూసలు, వేలాడే దిద్దులు ఇంట్లోనే పెట్టి రండి. అసలు చిక్కు మెట్టెలతో. ఉత్త కాళ్ళతో మ్యాట్ మీద తిరిగేటప్పుడు మెట్టె పక్క వేలిని కోసేస్తుంది, ఎదుటివాళ్ళ కాలికీ గీసుకుంటుంది. కొందరు టేప్ చుట్టుకుంటారు గానీ చెమటకి అది జారిపోతుంది. మా ఆవిడ క్లాస్‌కి ముందు తీసి చిన్న జిప్ సంచిలో వేస్తుంది, అయ్యాక కార్లో కూర్చుని పెట్టుకుంటుంది. వాళ్ళమ్మగారు వీడియో కాల్‌లో ఒకసారి గమనించి, "ఏమ్మా, కాళ్ళు బోసిగా ఉన్నాయేంటి?" అన్నారు. సమాధానం చెప్పడానికి అరగంట పట్టింది. ఇంకోటి, అందరికీ: కాలి గోళ్ళు శుక్రవారం రాత్రే కత్తిరించుకోండి.

మొదటి క్లాస్

చెప్పులు బయట విప్పాలి. మ్యాట్ అంచు దగ్గర నడుం వంచి నమస్కరించి లోపలికి అడుగు పెట్టాలి. మా అత్తగారు మొదటిసారి చూసి, "గడప దగ్గర దణ్ణం పెట్టుకుని వెళ్తున్నారు, బాగానే ఉందే" అన్నారు. మాస్టర్‌కి ఏదైనా ఇచ్చినా, ఆయన దగ్గర ఏదైనా పుచ్చుకున్నా రెండు చేతులూ వాడండి. కుడిచేత్తో ఇవ్వడం మనకి అలవాటు, కొరియా మర్యాదలో రెండో చెయ్యి కూడా కలవాలి.

చెవిన పడే మాటలు కొన్నే. "చర్యొత్" అంటే నిటారుగా నిలబడండి. "క్యొంగ్‌న్యే" అంటే వంగి నమస్కరించండి. "జున్‌బీ" అంటే సిద్ధం, "షిజాక్" అంటే మొదలు. లెక్క హానా, దూల్, సేత్, నేత్, తాసొత్ అని నడుస్తుంది. పదిదాకా వారంలో వచ్చేస్తాయి. వంట చేస్తూ మా ఆవిడ కుక్కర్ విజిల్స్ ఇప్పుడు కొరియన్‌లో లెక్కపెడుతుంది.

వరసలో నిలబడేది వయసుని బట్టి కాదు, బెల్ట్‌ని బట్టి. మా అమ్మాయిది అప్పటికి ఆకుపచ్చ బెల్ట్. తను రెండో వరసలో, నేను చివరి వరసలో, నా పక్కన ఆరేళ్ళ పిల్లాడు. జంటలుగా చేసేటప్పుడు తను నాకు ఎదురుగా నిలబడి, "నాన్నా, తన్నేటప్పుడు చేతులు దించేస్తున్నావు" అంది, ఇంట్లో నేను హోంవర్క్ దగ్గర మాట్లాడే గొంతుతోనే. "యెస్ మేమ్" అన్నాను. అక్కడ అలాగే అనాలి. ఇది మింగుడుపడని నాన్నలు ముందే ఆలోచించుకోండి. కారెక్కాక మాత్రం ఎవరి హోదా వారిది.

ముప్పై ఐదు దాటిన ఒళ్ళు

పిల్లలు చేరిన రోజే తల మీదికి తన్నేస్తారు. వాళ్ళని చూసి మీరూ ఎత్తారో, తొడ వెనక నరం పట్టేసి సోమవారం ఆఫీసులో కుంటుతారు. నా వారం అలాగే గడిచింది. మొదటి మూడు నెలలు నడుము ఎత్తు దాటకండి.

అన్నిటికన్నా ముందు నేర్చుకోవాల్సింది నిలబడిన కాలి సంగతి. దొల్యో చాగీ అని పక్కనుంచి తిప్పి కొట్టే కిక్ ఒకటుంది, రోజూ చేయించేది అదే. అందరి కళ్ళూ తన్నే కాలి మీద ఉంటాయి. మోకాలు పాడయ్యేది మాత్రం నేల మీదున్న కాలిదే. ముందు తన్నే మోకాలు పైకెత్తండి. ఇప్పుడు నిలబడిన కాలి మునివేళ్ళ మీద బరువు వేసి, మడమ ఎదుటివాడి వైపు చూసేదాకా పాదాన్ని తిప్పండి. అప్పుడు నడుం దానంతట అదే తిరుగుతుంది, కాలు తేలిగ్గా విసరొచ్చు. పాదం తిరగకుండా పైభాగం మాత్రమే తిరిగితే ఆ మెలికంతా మోకాలి మీద పడుతుంది. గోడ పట్టుకుని, తన్నకుండా, ఉత్త పాదం తిప్పడమే రోజుకి ఇరవైసార్లు చేయండి. కాఫీ కాగేలోపు అయిపోతుంది.

కేకకి సిగ్గుపడకండి. "కిహాప్" అంటారు. గట్టిగా అరిస్తే ఊపిరి బయటికి పోతుంది, పొట్ట బిగుసుకుంటుంది. మనవాళ్ళు తైక్వాండోలో మొహమాటపడేది సరిగ్గా ఇక్కడే.

ఇంట్లో సాధన

పూమ్సే అంటే వరస కట్టిన కదలికలు. మొదటిది తేగుక్ ఇల్ జాంగ్, 18 కదలికలు, ఆకాశానికి గుర్తు. ఎడమకి తిరిగి కిందికి అడ్డుకోవడం, ఒక అడుగు వేసి గుద్దడం, వెనక్కి తిరిగి మళ్ళీ అదే. సోఫా కాస్త వెనక్కి జరిపితే హాల్లో సరిపోతుంది. రోజుకి పది నిమిషాలు చాలు, వారానికోసారి గంట కన్నా అదే మేలు. చిన్నవాళ్ళని మీకు నేర్పమనండి. మా బుడ్డోడికి తన పూమ్సే సరిగ్గా వచ్చింది నాకు నేర్పడం మొదలుపెట్టాకే.

బెంచీ మీద కూర్చునేవాళ్ళకి

తాతయ్యలూ అమ్మమ్మలూ విజిటర్ వీసా మీద వచ్చినప్పుడు బెంచీలు నిండుతాయి. రానివ్వండి, మాస్టర్లకి పెద్దవాళ్ళు వచ్చి కూర్చోవడం ఇష్టం. ఒక్కటే నియమం: బెంచీ మీదనుంచి నేర్పకూడదు. "కాలెత్తరా, ఇంకా ఎత్తు" అని తెలుగులో అరిస్తే మిగతావాళ్ళకి అర్థం కాదనుకుంటాం. వాడు మాస్టర్‌ని వదిలి మన వైపు చూడటం అందరికీ కనిపిస్తుంది. మన తెలుగువాళ్ళం నలుగురు కలిస్తే బెంచీకి ఒక మూల గుమిగూడి ఐ-140 అంటూ గ్రీన్ కార్డ్ దరఖాస్తుల సంగతులు మాట్లాడుకుంటాం. వారంలో ఒక్కరోజు ఆ మూల వదిలి అవతలి పక్కన కూర్చోండి. మెక్సికన్, కొరియన్, చైనీస్ కుటుంబాలతో మాకు స్నేహం కుదిరింది అలాగే. ఇక పార్టీల్లో "మీ వాడిది ఏ బెల్ట్ అండీ?" అన్న ప్రశ్న ఎలాగూ తప్పదు. మా ఆవిడ "నాదా, పసుపు" అని మాట తనమీదికి తిప్పేసుకుంటుంది.

టెస్ట్ రోజు, చెక్క పట్టుకోవడం

ఎప్పుడో ఒకప్పుడు మీ పిల్ల విరగ్గొట్టాల్సిన చెక్క మీ చేతికిస్తారు. సరిగ్గా పట్టుకోవడం తెలియాలి, లేకపోతే చెక్క విరగదు, పిల్ల ఏడుస్తుంది, మీ వేళ్ళు వాస్తాయి. ముందు చెక్క మీద రేఖలు ఎటు పోతున్నాయో చూడండి. మీ చేతులు ఏ రెండు అంచుల్ని పట్టుకుంటాయో, రేఖలు ఆ అంచుల వెంట సాగాలి. అడ్డంగా ఉంటే బ్లాక్ బెల్ట్ తన్నినా విరగదు. అరచేతి మడమలతో వెనకనుంచి ఆనించి, వేళ్ళు దెబ్బ పడే చోటికి దూరంగా ఉంచండి. మోచేతులు బిగించి, ఒక కాలు వెనక్కి వేసి నిలబడండి. ముఖం పక్కకి తిప్పుకోండి. మొదటిసారి నేను తన్ను తగిలే క్షణంలో అరంగుళం వెనక్కి లాగాను, భయంతో. విరగలేదు. "నాన్నా, కదలకు ప్లీజ్" అంది మా అమ్మాయి. రెండోసారి కదల్లేదు.

స్పారింగ్

తలకి హెడ్‌గేర్, ఛాతీకి హోగూ, చేతులకీ కాళ్ళకీ గార్డులు, నోట్లో మౌత్‌గార్డ్, మగపిల్లలకీ ఆడపిల్లలకీ గజ్జల్లో గార్డు. ఇన్ని తగిలించుకునే స్పారింగ్ చేయించాలి, లేకుండా చేయిస్తే ఆపించండి. ఫోమ్‌తో చేసిన ఈ రక్షణ సామాను వాడకంలోకి తెచ్చినవాళ్ళలో జూన్ రీ పేరు ముందు చెప్పాలి. అమెరికా తైక్వాండో పితామహుడంటారు ఆయన్ని. 1950ల చివర్లో మన టెక్సస్‌లోనే, ఆస్టిన్ దాటాక వచ్చే శాన్ మార్కస్‌లో చదువుకుంటూ ఈ విద్య నేర్పారు, 1962లో వాషింగ్టన్ డీసీ వెళ్ళి స్కూలు పెట్టారు.

పాయింట్ల లెక్క తెలిస్తే బెంచీ మీద టెన్షన్ సగం తగ్గుతుంది. పారిస్ 2024 ఒలింపిక్స్‌లో లెక్క ఇది: ఛాతీ మీద గుద్దితే 1, ఛాతీకి కిక్ తగిలితే 2, తలకి తగిలితే 3. గిర్రున తిరిగి కొట్టిన కిక్ అయితే ఛాతీకి 4, తలకి 5. రెండేసి నిమిషాల రౌండ్లు, మూడింట్లో రెండు గెలిచినవాళ్ళది ఆట. తలకి దెబ్బ తగిలి పిల్ల మత్తుగా ఉన్నా, వాంతి చేసుకున్నా, అడిగిందే మళ్ళీ అడుగుతున్నా ఆ రోజుకి ఆట బంద్. వెంటనే డాక్టర్‌కి చూపించండి. హోగూని ఇంటికి రాగానే సంచిలోంచి తీసి ఆరేయండి. ఒక్క రాత్రి కార్ ట్రంక్‌లో మర్చిపోతే ఆ వాసన సంక్రాంతి దాకా పోదు.

స్కూలు ఒక ఊరు లాంటిది

క్లాస్ అయ్యాక తుడుపుకర్ర పట్టుకోండి. అడగకుండా పట్టుకుంటే ఇంకా మంచిది. టోర్నమెంట్ రోజున మ్యాట్లు మోయడానికీ, స్కోరు దగ్గర కూర్చోడానికీ, చిన్నపిల్లల్ని వరసలో నిలబెట్టడానికీ ఎప్పుడూ మనుషులు తక్కువే. మా ఆవిడ మొదటి టోర్నమెంట్‌లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా పిల్లల జుట్లు బిగించి జడలు వేసింది. ఆ రోజునుంచి ఆవిడ పేరు తెలియనివాళ్ళు లేరు. నాకు రెండేళ్ళు పట్టింది.

ఏడాదికోసారి అందరూ తలా ఒక వంట తెచ్చుకుని కలిసి తింటారు. పులిహోర తీసుకెళ్ళండి. చల్లారినా బాగుంటుంది, మాంసం తిననివాళ్ళూ తింటారు. వేరుశనగ గుళ్ళు మాత్రం వేయకండి, ఎలర్జీ ఉన్న పిల్లలుంటారు. ఏమేం వేశారో చీటీ రాసి గిన్నెకి అంటించండి. మేం ఒకసారి ఆవకాయ కూడా పెట్టాం. మాస్టర్ గారి భార్య కిమ్చీ పక్కన అన్నంలో కలుపుకుని తిని, సీసా ఎక్కడ కొన్నారని అడిగారు. కొన్నది కాదు, మా అత్తగారు పెట్టింది అంటే ఇద్దరూ భాష రాకుండానే చాలాసేపు మాట్లాడుకున్నారు. కొరియన్‌లో అమ్మని "ఒమ్మా" అంటారని ఆ రోజే తెలిసి మా అత్తగారు తెగ సంబరపడిపోయారు.

మానేస్తానన్న రోజు, ఇండియా ప్రయాణం

నీలం బెల్ట్ చుట్టుపక్కల ఎక్కడో ప్రతి పిల్లా మానేస్తానంటుంది. క్లాస్ అయి కార్లో కూర్చున్నాక అన్నదాన్ని లెక్కలోకి తీసుకోకండి. వచ్చే టెస్ట్ దాకా చేసి, అయ్యాక ఇంట్లో కూర్చుని మాట్లాడదాం అనండి. అప్పటికీ వద్దంటే మాన్పించండి. అలా ఒకరు మానేసినా మిగతావాళ్ళు కొనసాగవచ్చు. మా అమ్మాయి ఐదు నెలలు మానేసింది, నేను వెళ్తూనే ఉన్నాను. తర్వాత తనే డ్రెస్సు వెతుక్కుంది.

వేసవిలో ఆరు వారాలు ఇండియా వెళ్తే సభ్యత్వం ఫ్రీజ్ చేయమని అడగండి. నెల ముందు రాతగా ఇస్తే చాలాచోట్ల ఒప్పుకుంటారు. టెస్ట్ తేదీలు చూసుకునే టికెట్లు కొనండి. తెనాలిలో మా డాబా మీద పొద్దున ఆరింటికే పూమ్సే చేయాలి, ఎనిమిదయ్యేసరికి కాళ్ళు కాలతాయి. పక్క డాబాల పిల్లలు రెండో రోజుకే వచ్చి వరసలో నిలబడతారు, ఆపడం మీ వల్ల కాదు. తిరిగొచ్చాక మొదటి వారం సాయంత్రం ఐదున్నర క్లాస్‌కే పేరు రాయించండి. ఏడున్నర క్లాస్‌లో, జెట్‌లాగ్ మీద, మా బుడ్డోడు "జున్‌బీ" అనగానే నిలబడి నిద్రపోయాడు.